ఎక్స్‌టెన్షన్ పోయిన ఫైళ్లకు ట్రిడ్: ఆరేళ్లు వాడిన తరువాత

హనుమకొండ చౌరస్తా దగ్గర పద్దెనిమిదేళ్లు డీటీపీ దుకాణం నడిపి 2018లో మూసేశాను. మెషీన్లు అమ్ముడుపోయాయి. పాత పనులున్న పెన్‌డ్రైవ్‌లు, సీడీలు మాత్రం ఒక అట్టపెట్టెలో ఇంటికి వచ్చాయి. మరుసటి ఏడాది వాటిలో ఒక పెన్‌డ్రైవ్ పెట్టగానే, ఇందులో లోపాలున్నాయి, సరిచేయాలా అని విండోస్ అడిగింది. సరే అన్నాను. అనకుండా ఉండాల్సింది. పరకాల పెళ్లికార్డులు, 2012 మేడారం జాతర కరపత్రాలు అంటూ ఊరూ పేరూ పెట్టి దాచుకున్న ఫోల్డర్లన్నీ మాయమయ్యాయి. వాటి స్థానంలో ఒకే ఫోల్డర్, అందులో వరుస నంబర్లతో 1,940 ఫైళ్లు మిగిలాయి. అన్నింటి చివరా సీహెచ్‌కే అన్న మూడక్షరాలే. ఏ ఫైలుకు చెందినవో తేల్చుకోలేని ముక్కలకు విండోస్ పెట్టే పేరు అది. ఏది కోరల్ డ్రా (డిజైన్లు గీసే ప్రోగ్రాము) ఫైలో, ఏది ఫోటోనో, ఏది చెత్తో తెలియదు.

ఆ అవసరం కొద్దీ దొరికింది ట్రిడ్. ఫైలు ఏ రకానిదో చెప్పే చిన్న ప్రోగ్రాము, మార్కో పొంటెల్లో అనే ఇటలీ ప్రోగ్రామర్ రాసినది. విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, సొంత వాడకానికి ఉచితం. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్ల తెర మీద ట్రిడ్ అని కొట్టి, పక్కన ఫైలు పేరు ఇవ్వాలి, అంతే. ఒక్క మెలిక: ప్రోగ్రాము వేరు, ఫైలు రకాల లక్షణాలుండే డెఫినిషన్ల ఫైలు వేరు. రెండూ దించుకుని ఒకే ఫోల్డర్‌లో పెట్టాలి. రెండోది మరిచిపోయి మొదటిరోజు అరగంట తల పట్టుకున్నాను.

ఫైలు పేరు చివర ఉండే ఎక్స్‌టెన్షన్‌ను ఇది అసలు పట్టించుకోదు. లోపలి బైట్లు చూస్తుంది. పీడీఎఫ్ ఫైలు శాతం గుర్తుతోనూ, వెంటనే పీ, డీ, ఎఫ్ అక్షరాలతోనూ మొదలవుతుంది. జిప్ అయితే పీ, కే. అది ఆ పద్ధతిని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని పొడి అక్షరాలు. అయితే మొదటి నాలుగు అక్షరాలతోనే అన్నీ తేలవు. మా వృత్తిలో అన్నం పెట్టిన కోరల్ డ్రా పాత వెర్షన్ల ఫైలు ‘రిఫ్’ అనే నాలుగక్షరాలతో మొదలవుతుంది. వేవ్ ఆడియో, ఏవీఐ వీడియో, ఇప్పుడు నెట్‌లో దించుకునే వెబ్‌పీ ఫోటో కూడా అలాగే మొదలవుతాయి. తరువాతి నాలుగు బైట్లు సైజు చెబుతాయి, ఆ పైవి చూస్తే గానీ అసలు రకం బయటపడదు. కోరల్ ఎక్స్4 వెర్షన్ నుంచి పద్ధతి మారిపోయి, పైకి అది జిప్‌లా కనిపిస్తుంది. ఇవన్నీ మనం గుర్తుపెట్టుకోనక్కర లేదు. ఒక్కో రకానికి చెందిన నమూనా ఫైళ్లను పోల్చి, వాటన్నిటిలో ఒకేచోట ఒకేలా ఉన్న బైట్లను పట్టుకుని ఈ డెఫినిషన్లు తయారుచేస్తారు. మన దగ్గర నమూనాలుంటే మనమూ ఒకటి తయారుచేసుకోవచ్చు, దానికి విడిగా ఒక పనిముట్టు కూడా ఉంది.

జవాబు ఎలా వస్తుందో ఒకటి చూపిస్తాను. మామూలు వర్డ్ డాక్యుమెంట్ ఇస్తే మూడు వరుసలు వచ్చాయి: వర్డ్ 52.2 శాతం, ఆఫీస్ ఫైళ్లు వాడే డబ్బా లాంటి ప్యాకేజీ 38.8, జిప్ 8.8. నిజానికి మూడూ సరైనవే, కొత్త వర్డ్ ఫైలు లోపల జిప్పే కదా. ప్రతి వరుస చివర బ్రాకెట్‌లో పాయింట్లుంటాయి: 23,500, 17,500, 4,000. మొత్తం 45,000లో ఎవరి వాటా ఎంతో అదే ఆ శాతం. ఇది నాకు అర్థం కావడానికి ఒక దెబ్బ తగలాల్సి వచ్చింది.

మొదట్లో ఉత్సాహం కొద్దీ ఎక్స్‌టెన్షన్‌ను నేరుగా మార్చేసే ఆప్షన్ వాడాను. హైఫన్, సీ, ఈ. ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి. తిరిగి చూస్తే నలభై దాకా ఎంపీ3 పాటలు! ఆ పెన్‌డ్రైవ్‌లో నేను ఒక్క పాటా పెట్టలేదు. ఒక దాన్ని విడిగా అడిగితే, ఎంపీ3, 100 శాతం అంది. పాయింట్లు చూస్తే వెయ్యి. వేరే ఏ డెఫినిషనూ సరిపోలనప్పుడు, బలహీనంగా సరిపోలిన ఆ ఒక్కదానికే నూటికి నూరు దక్కుతుంది. ఒక్కరే నామినేషన్ వేసిన వార్డులో గెలిచినట్టు. అప్పటినుంచి నేను శాతం కంటే ముందు పాయింట్లు చూస్తాను. మార్చే ఆప్షన్ జోలికి పోను, ఉన్న పేరు వెనక కొత్త ఎక్స్‌టెన్షన్ చేర్చే హైఫన్, ఏ, ఈ వాడతాను. అదీ కాపీ తీసుకున్నాకే.

ఇంకో సంగతి. ఇది రకం చెబుతుంది గానీ ఆరోగ్యం చెప్పదు. జేపెగ్ అన్న ఫోటో తెరిస్తే పైసగం పెళ్లిపందిరి, కిందిసగం బూడిద రంగు. తల మిగిలితే గుర్తుపడుతుంది, మొండెం ఉందో లేదో దానికి అక్కర లేదు. తల లేని నడిమి ముక్కలకు ‘తెలియదు’ అని ఊరుకుంటుంది. ఏదో ఒకటి అంటగట్టడం కంటే అదే నయం.

తెలుగు టెక్స్ట్ దగ్గర మాత్రం నిరాశే. ఇది టెక్స్ట్‌లా ఉంది, నేను బైనరీ ఫైళ్లకే (ఫోటోలు, డిజైన్లలా ఉత్త అక్షరాలు కానివాటికే) పనికొస్తాను అని హెచ్చరించి తప్పుకుంటుంది. అక్కడ లినక్స్‌లో ఉండే ‘ఫైల్’ కమాండ్ మేలు. యునిక్స్‌లో 1973 నుంచి ఉన్న కమాండ్ అది. నేడు అందరూ వాడే ఉచిత రూపాన్ని ఇయన్ డార్విన్ 1980లలో రాశారు. యూనికోడ్ తెలుగు ఇస్తే యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను దాచే పద్ధతి) అని ఠక్కున చెబుతుంది. అదే మన పాత అను ఫాంట్లలో కొట్టిన మ్యాటర్ ఇస్తే ఏదో యూరప్ అక్షరాల టెక్స్ట్ అంటుంది. దాన్ని తప్పుపట్టలేం. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలను యూరప్ అక్షరాల సంకేతాల మీదే కూర్చోబెట్టాయి. ఆ ఫాంటు లేని మెషీన్‌లో మనకూ అలాగే కనిపిస్తుంది.

కాజీపేటలో ఫ్లెక్సీ దుకాణం నడిపే మా బావమరిది ఇది చూసి తనకూ కావాలన్నాడు. కస్టమర్లు పంపే ఫోటోల్లో, పేరుకు జేపెగ్ అయినా లోపల వెబ్‌పీ ఉండేవాటితో వాడికి రోజూ గోలే. వ్యాపారానికైతే ట్రిడ్ తయారుచేసినాయనకు రాసి అడగాలి బావా, అంతవరకూ ఆ ‘ఫైల్’ కమాండ్ వాడుకో, అదీ గుర్తుపడుతుంది అన్నాను. మొహం మాడ్చుకున్నాడు గానీ వాడుతున్నాడు.

ఆ 1,940లో వెయ్యికి పైగా సరైన పేరుతో బయటపడ్డాయి. 417వ నంబరు ఫైలు కోరల్ అన్నది. తెరిస్తే పరకాల పెళ్లికార్డు, పెళ్లికూతురి నాన్నగారు ఇంటిపేరులో ఒక ఒత్తు కోసం మూడుసార్లు ప్రూఫు దిద్దించినది. ఒత్తు సరిగ్గానే ఉంది. ఇంకా 212 ఫైళ్లు తెలియనివిగానే ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. డెఫినిషన్లు కొత్తవి వచ్చినప్పుడల్లా వాటిమీద మళ్లీ నడుపుతాను. పోయిన నెల మూడింటికి పేరు దొరికింది. అందులో ఒకటి పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే పాత డీటీపీ ప్రోగ్రాము) ఫైలట, తెరవడానికి పేజ్‌మేకర్ ఉన్న పాత మెషీన్ ఎవరింట్లో మిగిలిందో కనుక్కుంటున్నాను.