రెడీమేడ్ మోడల్ రైల్వే లేఅవుట్ కొంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు బల్ల కిందకి దూరి చూడండి

న్యూజెర్సీ చుట్టుపక్కల మనవాళ్లు కొందరు బేస్‌మెంట్‌లో మోడల్ రైళ్లు పెట్టుకోవాలని చూస్తున్నారని తెలిసి ఇది రాస్తున్నాను. ఎవరో కట్టిన పెద్ద లేఅవుట్‌ని (బల్ల మీద పట్టాలు, కొండలు అన్నీ అమర్చిన సెటప్‌ని) సెకండ్‌హ్యాండ్‌లో కొనేద్దాం అనుకుంటుంటే ఒక్క రోజు ఆగండి. నేను 4,200 డాలర్లు పోసి కొన్నాను. ట్రక్కుకి, మోసిన మనుషులకి ఇంకో 650. ఎనిమిది నెలలైంది. ఇప్పటికీ దాని మీద ఒక్క ప్యాసింజర్ రైలు కూడా పట్టా తప్పకుండా పూర్తి చుట్టు తిరగలేదు.

మా నాన్న కాజీపేట లోకో షెడ్‌లో పనిచేశారు. ఆయన ఈసారి ఇక్కడికి వచ్చేసరికి ఇంట్లో మన రైలు నడవాలని నా కోరిక. ఫ్లెమింగ్టన్‌లో నార్త్‌లాండ్జ్ మోడల్ రైల్వే మ్యూజియం చూసొచ్చాక మా అబ్బాయికీ అదే ధ్యాస. ఉద్యోగం చేసుకుంటూ మొదటి నుంచి కట్టాలంటే ఏళ్లు పడుతుంది కదా అని, ఎస్టేట్ సేల్స్‌లో కొని అమ్మే ఒకాయన ప్రకటన చూసి ఫోన్ చేశాను. 16 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, హెచ్‌ఓ స్కేల్, 31 పాయింట్లు (రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకి మారే చోట్లు), కొండలు, సొరంగాలు. వీడియోలో రైలు చక్కగా తిరుగుతోంది. "విడి భాగాలుగా ఊడొస్తుంది, డీసీసీ రెడీ" అన్నాడు. డీసీసీ అంటే పట్టాల ద్వారానే ఒక్కో ఇంజిన్‌కీ విడిగా డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి. నమ్మాను.

ఊడలేదు. రంపంతో కోసి ఆరు ముక్కలుగా తెచ్చారు. పట్టాలు కంకరతో సహా జిగురుతో అతికి ఉన్నాయి కాబట్టి కోసిన ప్రతిచోటా అవి వంగిపోయాయి. విడదీసేలా కట్టిన లేఅవుట్‌కి కింద బోల్టులు, వైర్లకి ప్లగ్గులు ఉంటాయి. అవి కనబడకపోతే అమ్మేవాడి మాట నమ్మకండి.

దానికన్నా పెద్ద దెబ్బ వంపుల దగ్గర తగిలింది. హెచ్‌ఓ అంటే అసలు సైజులో 87వ వంతు. మన ఐసీఎఫ్ (చెన్నై కోచ్ ఫ్యాక్టరీ) బోగీ దాదాపు 21.3 మీటర్లు, అంటే మోడల్‌లో 24.5 సెంటీమీటర్లు. బోగీ పొడవుకి కనీసం రెండింతలు, వీలైతే మూడింతలు వంపు వ్యాసార్ధం ఉండాలని అనుభవజ్ఞులు చెబుతారు. మూడింతలంటే 29 అంగుళాలు. నేను కొన్నదాంట్లో అన్ని వంపులూ 18 అంగుళాలే, రెండింతలు కూడా లేవు. బోగీలు వంపులో ఒకదాన్నొకటి బయటికి నెట్టేసుకుంటాయి. మరి వీడియోలో ఎలా తిరిగింది? మళ్లీ చూస్తే అర్థమైంది. ఇంజిన్ వెనక నాలుగు పాత 40 అడుగుల వ్యాగన్లు, ఒక్కోటి 14 సెంటీమీటర్లే. అంత పొట్టివి ఇలాంటి వంపులోనూ తిరుగుతాయి. పైగా కెమెరా ఒకే మూల నుంచి కదల్లేదు. కొండ ఎక్కే వాలు చూపించనే లేదు. నేను కొలిస్తే మీటరుకి నాలుగున్నర సెంటీమీటర్లు లేస్తోంది. రెండు దాటితేనే పొడవు రైలుకి కష్టం, ఇంజిన్ చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి.

ఇక వైరింగ్. పైన పటారం, లోన లొటారం అంటే ఏంటో బల్ల కింద పడుకున్న రోజే తెలిసింది. అన్నీ ఒకే రంగు సన్నటి వైర్లు, ఒక్కదానికీ లేబుల్ లేదు. ప్లంబర్లు వాడే యాసిడ్ ఫ్లక్స్‌తో సోల్డర్ చేశారేమో, అతుకులన్నీ పచ్చబడి ముట్టుకుంటే ఊడొస్తున్నాయి. డీసీసీలో పట్టాల మీద కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ఇంజిన్‌లోని డీకోడర్ తన ఆదేశం మాత్రమే తీసుకుంటుంది. అందుకే షార్ట్ అయిన క్షణంలో, పట్టాలకి కరెంటు పంపే బూస్టర్ ఆగిపోవాలి. వైర్లు సన్నగా ఉంటే షార్ట్ అయిన సంగతి బూస్టర్‌కి తెలియదు, కరెంటు పారుతూనే ఉంటుంది. మాకు అదే జరిగింది. పాయింట్ దగ్గర ఇంజిన్ పట్టా తప్పింది, చూస్తుండగానే ప్లాస్టిక్ కాలిన వాసన. చక్రాల ఫ్రేమ్ కరిగిపోయింది. పక్కన మా అబ్బాయి ఉన్నాడు. ఆ టెన్షన్ నాకు ఇంకా పోలేదు.

దీనికి పరీక్ష చాలా సులువు. డీసీసీ ఆన్ చేసి రెండు పట్టాల మీద అడ్డంగా ఒక క్వార్టర్ నాణెం పెట్టండి. బూస్టర్ వెంటనే ట్రిప్ అవ్వాలి. ప్రతి మూడు అడుగులకీ ఒకసారి, పాయింట్ల అవతల కూడా చేసి చూడండి. ఒప్పుకోని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఇంకోటి, చెయ్యి అందడం. మనిషి చెయ్యి సుమారు 30 అంగుళాల దాకే అందుతుంది. ఇందులో మధ్యలో ఉన్న యార్డ్ (రైళ్లు నిలిపే చోటు) ఏ అంచు నుంచైనా ఐదు అడుగుల దూరం, సొరంగంలోకి దారే లేదు. అక్కడ పట్టాలు తుడవడానికి కొండ పగలగొట్టాల్సి వచ్చింది. ఎన్‌ఎంఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైల్వే అభిమానుల సంఘం) గేజ్ అని చిన్న రేకు ముక్క దొరుకుతుంది, పట్టాల మధ్య, చక్రాల మధ్య దూరం సరిగ్గా ఉందో లేదో చెప్పేస్తుంది. చేతికందిన 22 పాయింట్లు దాంతో చూస్తే 13 తప్పు. కొనే ముందే అది జేబులో ఉండుంటే బాగుండేది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే రసీదు అడుగున "యాజ్ ఈజ్" (ఎలా ఉన్నది అలాగే, తర్వాత బాధ్యత లేదు) అని ఉంది చూసుకోమన్నాడు. నిజమే, ఉంది. తొమ్మిది పాయింట్లు, ప్లైవుడ్ ఉంచుకుని మిగతాది పీకేస్తున్నాను. నాన్న జూన్‌లో వస్తారు. అప్పటికి 30 అంగుళాల వంపులతో గోడ వెంబడి ఒక్క లైనైనా వేయాలి.

మొన్న ఆదివారం ఆయనే ఇంకో లేఅవుట్ అమ్మకానికి పెట్టాడు. ఈసారి 20 అడుగులు. వీడియోలో ఇంజిన్ వెనక వ్యాగన్లు మళ్లీ నాలుగే. చూడటానికి వెళ్లేవాళ్లు మీ పొడవు బోగీలు పది పట్టుకెళ్లి అన్ని పాయింట్ల మీదా నడిపించమనండి. ఎడిసన్ దగ్గర్లో ఉంటే చెప్పండి, గేజ్ తీసుకుని నేనూ వస్తాను.