శిక్షణ వేళ అడిగే సర్వేలో నడిమి గడి: చాలాకాలం వాడాక

గూగుల్ ఫామ్స్ గురించి కొత్తగా చెప్పడానికేమీ లేదు. పెళ్ళికి ఎందరు వస్తారో లెక్క తీయడం దగ్గర నుంచి అపార్ట్‌మెంట్‌లో నీళ్ళ ట్యాంకరు చందా దాకా అందరూ దాన్ని వాడుతూనే ఉన్నారు. కాబట్టి ఫారం ఎలా తయారు చేయాలి, లింకు ఎలా పంపాలి వంటివన్నీ వదిలేస్తున్నాను. నా ఇష్టమంతా అందులోని గ్రిడ్ ప్రశ్న మీద, అంటే అడ్డ, నిలువు వరుసల పట్టికలో ఒక్కో వరుసకూ ఒక గడి నొక్కే ప్రశ్న మీద. ఇంకా సూటిగా చెప్పాలంటే ఆ గ్రిడ్‌లో మేము పెట్టుకున్న మధ్య గడి మీద. సిబ్బందికి శిక్షణ తరగతి ఏ వేళ పెడితే బాగుంటుందని అడిగినప్పుడు ఒక పక్క ‘కుదురుతుంది’, మరో పక్క ‘కుదరదు’, నడుమ ‘తప్పదంటే వస్తాను’. ఆ నడిమి గడి లేని సర్వేను ఇప్పుడు నేను సర్వేగానే లెక్కపెట్టను. అలాగని కళ్ళు మూసుకుని పొగడనూలేను. ఎందుకో కాస్త విడమర్చి రాస్తాను.

నేనొక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుల శిక్షణ వ్యవహారాలు చూస్తాను. మార్నింగ్ డ్యూటీ ఎనిమిది నుంచి రెండు, ఈవెనింగ్ రెండు నుంచి ఎనిమిది, నైట్ ఎనిమిది నుంచి మర్నాడు ఉదయం ఎనిమిది. ఏ గంటలో తరగతి పెట్టినా కొందరు వార్డులో ఉంటారు, కొందరు నిద్రలో ఉంటారు, మిగిలినవాళ్ళు బస్సులో ఉంటారు. చదువు మాత్రం ఆగడానికి లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఐదేళ్ళలో 150 గంటల నిరంతర విద్య చూపించాలి, అంటే ఏడాదికి సగటున 30 గంటలు. గుండె ఆగిన మనిషిని కాపాడడం నేర్పే బి.ఎల్.ఎస్. (బేసిక్ లైఫ్ సపోర్ట్) శిక్షణ కార్డు గడువు రెండేళ్ళే. ఇక ఆసుపత్రులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే ఎన్.ఎ.బి.హెచ్. తనిఖీ దగ్గర పడుతోందంటే చేతుల శుభ్రత, మందుల భద్రత, అగ్నిమాపక శిక్షణ, అన్నింటికీ హాజరు పట్టీలు సిద్ధంగా ఉండాలి. ఇన్ని గంటలు ఎక్కడి నుంచి తేవాలి? డ్యూటీలోంచి తీయలేం, వార్డులో మనుషులు చాలరు. వాళ్ళ నిద్రలోంచి, వంటలోంచి, పిల్లల దగ్గర ఉండే వేళలోంచి తీయాల్సిందే. అందుకే అడగకుండా తరగతి పెట్టడానికి నాకు మనసొప్పదు.

ముందు సర్క్యులర్ ఉండేది. ‘ఫలానా తేదీ మధ్యాహ్నం రెండున్నరకు సెమినార్ హాలులో తరగతి, అందరూ విధిగా హాజరు కావలెను’ అని వార్డు బోర్డుకు గుచ్చేవారు. వచ్చినవాళ్ళు వచ్చేవారు, రానివాళ్ళ సంతకాలు తరువాత వచ్చేవి. 2022 చివర్లో వాట్సాప్‌లో పోల్ వచ్చాక బతికిపోయాం అనుకున్నాను. అయితే ఎవరు ఏది నొక్కారో గ్రూపులో అందరికీ కనబడుతుంది. ఇన్‌చార్జి సిస్టర్ ఒక వేళ మీద నొక్కగానే కాసేపట్లో ఆ వార్డు మొత్తం దాని మీదే నొక్కేది. ఒక చిన్న సిస్టర్ నాకు విడిగా మెసేజ్ పెట్టింది: ‘మేడమ్, గ్రూపులో నేను నొక్కింది లెక్కలోకి తీసుకోకండి.’ తప్పు పోల్‌ది కాదు. పెద్దవాళ్ళు చూస్తుండగా చిన్నవాళ్ళు వేరే చెప్పరు, అంతే.

మూడో జవాబు ఆలోచన నా సొంతం కాదు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన డూడుల్ అనే సమావేశాల పోల్‌లో అవును, కాదులతో పాటు ‘అవసరమైతే’ అనే జవాబు కూడా ఉంటుంది. దాన్నే గూగుల్ గ్రిడ్‌లోకి దించుకున్నాను. అడ్డ వరుసల్లో వేళలు, నిలువు వరుసల్లో మూడు జవాబులు.

మొదటి ఫలితమే నా అంచనాలను తలకిందులు చేసింది. మార్నింగ్ డ్యూటీ దిగాక రెండున్నరకు తరగతి అంటే అందరికీ అనుకూలమని మా ఆఫీసులో అందరి నమ్మకం. ఎలాగూ ఆసుపత్రిలోనే ఉన్నారు కదా, ఇంకో గంట కూర్చుంటే ఏం పోయింది అన్నది వాదన. సర్వేలో ఆ వరుస దాదాపు మొత్తం ‘తప్పదంటే’లోకి వెళ్ళింది. కింద వ్యాఖ్యల గడిలో ఒకరు రాశారు: ‘రెండింటికి డ్యూటీ అయినా తరువాతి డ్యూటీవాళ్ళకు హ్యాండోవర్ ఇచ్చేసరికి రెండూ ఇరవై. మా బాబు స్కూలు ఆటో మూడుంబావుకు వస్తుంది. ఇంటి తాళం నా దగ్గరే ఉంటుంది.’ ఇంతకాలం ఆ తల్లి సెమినార్ హాలులో మా తరగతి వింటూ ఆ తాళం గురించే ఆలోచిస్తూ ఉండి ఉంటుంది.

ఈవెనింగ్ ఎక్కే ముందు, అంటే మధ్యాహ్నం పన్నెండున్నర వేళ కూడా నడిమి గడిలోనే పడింది. కానీ అక్కడి వ్యాఖ్యలు వేరే రకం. వంట చేసి, తిని, బస్సెక్కి పన్నెండున్నరకు చేరడం కష్టమని, తిండి ఇక్కడే ఉంటే ఇబ్బంది లేదని చాలామంది రాశారు. క్యాంటీన్ వాళ్ళతో మాట్లాడాను. ఒక కూర, సాంబారు, పెరుగు. పన్నెండున్నరకు భోజనం, పన్నెండూ యాభైకి తరగతి, రెండుకు పది నిమిషాల ముందు వదిలేయడం. ఆ తరగతులకు మనుషులు పరుగెత్తుకుంటూ రావడం నేను మొదటిసారి చూశాను. అవును, కాదు అనే రెండే గడులు ఉండి ఉంటే ఈ రెండు వేళలూ ఒకేలా కనబడేవి. ఒకదాన్ని ఒక ప్లేటు అన్నం గట్టెక్కిస్తుందని, రెండోదాన్ని ఏదీ గట్టెక్కించదని ఎవరికీ తెలిసేది కాదు. ఆ రోజుల్లో ఈ గడి గురించి నేను కనబడ్డవారందరికీ చెప్పాను. వేరే ఆసుపత్రిలో ఇదే పని చేసే స్నేహితురాలికి ఫారం నకలు కూడా పంపాను.

ఆమెకు అప్పుడు చెప్పనిది, అప్పటికి నాకు తెలియనిది ఒకటుంది.

తరువాత ఒక దశలో చాలామంది బి.ఎల్.ఎస్. కార్డుల గడువు దగ్గర దగ్గరగా ముగుస్తోంది. నేర్పేవారు బయటి నుంచి రావాలి, వారికి ఉదయాలే ఖాళీ. సర్వేలో ‘నైట్ దిగాక, ఎనిమిదిన్నరకు’ అనే వరుస కూడా చేర్చమన్నారు, చేర్చాను. నైట్ చేసేవాళ్ళలో ఎక్కువమంది దానికి ‘తప్పదంటే వస్తాను’ అని పెట్టారు. వాళ్ళ మంచితనం అది. కార్డు గడువు తీరితే ఇబ్బంది తమకే అని కూడా తెలుసు. ఆ షీటు పై అంతస్తుకు వెళ్ళింది. అక్కడ ఎవరో మొదటి రెండు నిలువు వరుసలను కలిపి కూడారు. ‘సిబ్బంది అత్యధికుల ఆమోదం మేరకు’ అన్న మాటతో సర్క్యులర్ దిగింది. నైట్ దిగాక ఎనిమిదిన్నరకు బి.ఎల్.ఎస్., బ్యాచ్‌లవారీగా.

మొదటి బ్యాచ్‌లో నేనూ కూర్చున్నాను. బి.ఎల్.ఎస్. అంటే కుర్చీలో కూర్చుని వినే తరగతి కాదు. నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, బొమ్మ ఛాతీని 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ముప్పై నొక్కులు, రెండు శ్వాసలు, మళ్ళీ ముప్పై. పడుకుని లేచి వచ్చినవాళ్ళకే చెమటలు పడతాయి. వీళ్ళు పన్నెండు గంటలు నిలబడి వచ్చారు. ఎమర్జెన్సీలో పనిచేసే సిస్టర్ ఒకామె గట్టిగా లెక్కపెడుతూ పదిహేడు దగ్గర ఆగిపోయింది. చేతులు బొమ్మ మీదే ఉన్నాయి. కొన్ని క్షణాల తరువాత పదకొండు నుంచి మొదలుపెట్టింది. పక్కనున్నవాళ్ళు నవ్వలేదు. నేర్పడానికి వచ్చినాయన కిటికీలు తెరిపించి, టీ తెప్పించి, మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. వెనక వరుసలో ఇద్దరు ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. హాజరు పట్టీలో మాత్రం ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

బయటికి వస్తుంటే మా దగ్గర అందరికన్నా పాత సిస్టర్ నా పక్కన నడుస్తూ అంది: ‘తప్పదంటే వస్తామన్నాం మేడమ్. తప్పదని తేల్చింది ఎవరు?’

దానికి నా దగ్గర జవాబు లేదు. కోపం వచ్చింది, అది చెప్పుకోవడానికి చోటు లేదు. తరువాతి సర్వే వచ్చేసరికి నడిమి గడి దాదాపు ఖాళీ. నైట్ వరుస ఒక్కటే కాదు, భోజనం పెట్టే మధ్యాహ్నం వేళకు కూడా ‘కుదరదు’. ఆ ఫారం ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో ఒక్క గంట కూడా మా ఆసుపత్రిలో ఎవరికీ కుదరదు. అన్నం తినడానికి పరుగెత్తుకొచ్చినవాళ్ళే అలా నొక్కారు. వాళ్ళు తెలివైనవాళ్ళు. కాస్త సర్దుకుంటామని చెబితే పూర్తిగా సర్దుకోమంటారని ఒక్క అనుభవంతో నేర్చుకున్నారు.

కాబట్టి పైన పొగిడినదాన్ని కొంచెం తగ్గించుకోవాలి. ఈ గడి నిజం చెబుతుంది, కానీ ఆ నిజం ఎవరి చేతికి వెళుతుందో దాన్ని బట్టే. ఇప్పుడు గ్రిడ్ వెంటనే ఇంకో ప్రశ్న ఉంటుంది: ‘తప్పదంటే అన్న వేళకు ఏమి చేస్తే మీకు కుదురుతుంది?’ బదులుగా ఆఫ్, భోజనం, ఆసుపత్రి వ్యాను, ముందు వారమే తెలపడం, చివరన ‘ఏమి చేసినా వద్దు’. గ్రిడ్‌లో ఇచ్చిన జవాబును బట్టి వేరే విభాగానికి పంపే వీలు లేదు, అందుకే అందరికీ ఈ ప్రశ్న కనబడుతుంది, అవసరం లేనివాళ్ళు వదిలేస్తారు. పైకి షీటు పంపడం మానేశాను. ఒక్క పేజీ పంపుతాను. అందులో నడిమి గడికి అంకె ఉండదు, ధర ఉంటుంది: ‘ఈ వేళకు తరగతి కావాలంటే నైట్ చేసినవారికి ఆ రాత్రి ఆఫ్ ఇవ్వాలి’ అని. ఆఫ్ ఇవ్వాలంటే రోస్టరు, అంటే డ్యూటీల పట్టిక కదలాలి, రోస్టరు కదలాలంటే సూపరింటెండెంట్ గారితో మాట్లాడాలి. ఆ మాట వచ్చేసరికి ఎనిమిదిన్నర తరగతి మీద ఉత్సాహం చాలావరకు దానంతటదే చల్లారింది.

నమ్మకం మొత్తం తిరిగి వచ్చిందని చెప్పలేను. కొత్తగా చేరినవాళ్ళు నడిమి గడిని బాగానే వాడుతున్నారు. పాతవాళ్ళలో కొందరు ఇప్పటికీ అన్ని వరుసలకూ ‘కుదరదు’ కొట్టి, తరగతి రోజు మాత్రం అందరికన్నా ముందు వచ్చి కూర్చుంటారు.

ఇదే దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొచ్చేవి కొన్ని. వేళలను గడియారంలో అడగకండి, డ్యూటీతో ముడిపెట్టి అడగండి. ‘మంగళవారం రెండున్నర’ అంటే ఆ మంగళవారం తన డ్యూటీ ఏమిటో రోస్టరు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. ‘మార్నింగ్ దిగాక’ అంటే ప్రతి ఒక్కరికీ తెలుసు. ప్రతి వరుసకూ జవాబు తప్పనిసరి చేసే మీట ఉంది, దాన్ని నొక్కండి. లేకపోతే ఖాళీగా వదిలిన వరుస కాదన్నట్టా, చదవలేదన్నట్టా అని తల పట్టుకోవాల్సి వస్తుంది. నిలువు వరుసలు మూడు దాటనివ్వకండి, పేర్లు పొట్టిగా పెట్టండి. అందరూ ఫోనులోనే నింపుతారు, వార్డులో నిలబడి నింపుతారు, పక్కకు జరిపి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఒక మనిషికి ఒకే జవాబు అన్న నిబంధన పెడితే గూగుల్ ఖాతాతో లోపలికి రమ్మంటుంది. ఈమెయిల్ సేకరణ ఆపి ఉంచితే ఎవరు ఏమి నొక్కారో నాకు కనబడదు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా మా వాళ్ళు నమ్మలేదు. ఖాతా అడిగిందంటే పేరు తెలిసినట్టే అన్నది వాళ్ళ లెక్క. చివరికి ఆ నిబంధన తీసేశాను. ఒకరు రెండుసార్లు నింపితే నింపారు. భయపడి నింపిన ఒక్క జవాబు కంటే అది నయం.

మీరు కూడా వాడాలా అంటే, మీ ఆఫీసు చూసుకోవాలి. అందరూ తొమ్మిదిన్నరకు వచ్చి ఆరింటికి వెళ్ళే చోట, పై అధికారి కూడా అదే తరగతిలో కూర్చునే చోట ఇంత హంగామా అక్కర్లేదు, వాట్సాప్ పోల్ సరిపోతుంది. షిఫ్టులు ఉన్నచోట, బడిలో, బస్సు డిపోలో, కర్మాగారంలో అయితే నడిమి గడి పెట్టి చూడండి. కానీ ఫలితం కాగితం మొదట మీ చేతికే వచ్చేలా ముందే మాట తీసుకోండి. మా సూపరింటెండెంట్ గారు వినే మనిషి కాబట్టి నాకు కుదిరింది. వేరేచోట ఇదే ఫారం ఇదే రకంగా పనిచేస్తుందని హామీ ఇవ్వలేను. నకలు తీసుకున్న ఆ స్నేహితురాలి ఆసుపత్రిలో ఒక్కసారి పంపి ఆపేశారు.

ఒక సంగతి మిగిలింది. చేతుల శుభ్రత, ఆసుపత్రి వ్యర్థాలను రంగు సంచుల్లో వేరుచేయడం మీద తరగతి నర్సులతో పాటు ఆయాలకు, వార్డు బాయ్‌లకు కూడా ఉంటుంది. వాళ్ళకు లింకు పంపి చూశాను, దాదాపు ఎవరూ నింపలేదు. చాలామంది ఫోనులో డేటా అయిపోయి ఉంటుంది, కొందరికి చదవడం కష్టం. వాళ్ళను మాత్రం సాయంత్రం టీ వేళ స్టోరు గది దగ్గర నిలబడి నేనే అడుగుతున్నాను. అక్కడ మూడు గడులేమీ ఉండవు. ‘రెండున్నరకైతే ఎలా అక్కా?’ అంటే మొహం చూస్తే తెలిసిపోతుంది. వచ్చే నెల నుంచి ఆ పని నా బదులు వార్డు ఇన్‌చార్జిలు చేస్తారట. అది ఎలా ఉంటుందో చూడాలి.