చెరువు గట్టు మీద మూడేళ్లుగా జీఎస్‌ఎం మోడెమ్: మెసేజ్ వెళ్లడానికి ఎన్ని సెకన్లు?

మాకు భీమవరం పక్కన ఉండి అనే ఊరి దగ్గర రెండు వనామీ రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆగుతాయి. అదీ తెల్లవారుజామున, అసలే నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా ఉండే వేళ పోయిందంటే ఆ పంట మీద ఆశ వదులుకోవడమే. అందుకని మోటారు షెడ్డులో ఒక చిన్న బోర్డు, దానికి సిమ్800ఎల్ అనే మోడెమ్ బిగించాను. సిమ్ వేస్తే ఫోన్‌లా మెసేజ్‌లు పంపి, అందుకునే చిన్న పరికరం అది. కరెంటు పోగానే ఐదుగురికి మెసేజ్ పంపాలి, నేను ఫోన్ నుంచి 'స్టేటస్' అని కొడితే జవాబివ్వాలి. దాని పని అంతే. పెట్టి మూడేళ్లయింది.

మొదట్లో సీరియల్ స్పీడ్, అంటే బోర్డు నుంచి మోడెమ్‌కి అక్షరాలు వెళ్లే వేగం, పెంచితే మెసేజ్‌లు త్వరగా పోతాయనుకున్నాను. 9600 బాడ్ నుంచి 115200కి మార్చి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నా. తేడా ఏమీ లేదు. ఉండదు కూడా. 9600లోనే సెకనుకు 960 అక్షరాలు పోతాయి కాబట్టి 160 అక్షరాల మెసేజ్ కళ్లు మూసి తెరిచేలోగా మోడెమ్‌లోకి దిగిపోతుంది. ఆలస్యమంతా ఆ తర్వాతే. మెసేజ్ అయిపోయింది, ఇక పంపు అని చెప్పే కంట్రోల్-జెడ్ కొట్టాక మోడెమ్ టవర్‌ని సిగ్నలింగ్ ఛానల్, అంటే మెసేజ్ పోయే దారి, అడగాలి, అది దొరకాలి, సిమ్ కంపెనీ మెసేజ్ సెంటర్ 'అందింది' అనాలి. అప్పుడుగానీ తెర మీద '+సీఎంజీఎస్: 47' లాంటి నంబరు, కింద ఓకే రావు. మా గట్టు మీద దీనికి 3 నుంచి 5 సెకన్లు పడుతోంది. సిగ్నల్ బాగోలేని రాత్రి 10 కూడా చూశాను. పైగా ఆ ఓకే మెసేజ్ సెంటర్‌కి చేరిందనే గానీ, అవతలివాళ్ల ఫోన్ మోగిందని కాదు.

మోడెమ్ ఒకేసారి ఐదుగురికి పంపదు, ఒకరి తర్వాత ఒకరికి పంపుతుంది. అంటే ఐదోవాడికి వెళ్లేసరికి 20, 25 సెకన్లు. నేను తెలివిగా నా నంబరు మొదట పెట్టుకుని, జనరేటర్ చూసే బాబాయి నంబరు చివర్లో రాశాను. భీమవరంలో పడుకున్నవాణ్ని నేను ముందు లేచి ఏం చేస్తానో అప్పుడు తట్టలేదు. ఓ రోజు బాబాయే అన్నాడు: "నీ మెసేజ్ వచ్చేసరికి నేను జనరేటర్ తిప్పేశాన్రా అబ్బాయ్." ఏరేటర్ల మోత ఆగితే దానికే ఆయనకు మెలకువ వస్తుందట. ఆ రోజే లిస్టు తలకిందులు చేసి బాబాయిని మొదట పెట్టాను.

తెలుగులో పంపాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇంగ్లీషు అక్షరాలైతే మెసేజ్‌కి 160 పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. ఒత్తులు, గుణింతాలు కూడా విడిగానే లెక్క. నా మెసేజ్ 70 దాటి రెండు ముక్కలైంది, సమయమూ రెట్టింపైంది. ఇప్పుడు 'కరెంటు పోయింది. 2వ చెరువు' అని మాత్రమే పంపిస్తోంది. చాలు.

మెసేజ్ రావడంలో నేను తిన్న దెబ్బ వేరు. ఓ ఉదయం 'స్టేటస్' అని మూడుసార్లు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. మామూలుగా 8 నుంచి 12 సెకన్లలో జవాబు వచ్చేది. బండేసుకుని వెళ్లి ల్యాప్‌టాప్ తగిలించి, మెసేజ్‌ల చోటు ఎంత నిండిందో చెప్పే ఏటీ+సీపీఎంఎస్ కమాండ్‌తో అడిగితే సిమ్‌లో 30కి 30 నిండి ఉన్నాయి. అన్నీ రీఛార్జ్ ఆఫర్లే! చదివిన మెసేజ్ తుడిచేయాలని ప్రోగ్రాంలో రాయనిది నేనే, తిట్టుకోవాల్సింది నన్నే. అన్నీ తుడిచి ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాక, పొద్దున కొట్టిన మూడు స్టేటస్‌లకీ వరసగా మూడు జవాబులొచ్చాయి. నెట్‌వర్క్ వాటిని దాచి ఉంచి, చోటు దొరికాక ఇచ్చిందన్నమాట. అప్పట్నుంచి ఏటీ+సీఎన్‌ఎంఐ=2,2 అనే కమాండ్ పెట్టాను. వచ్చింది సిమ్‌లోకి పోకుండా నేరుగా బోర్డుకే వస్తోంది.

కరెంటు సరఫరా సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఈ మోడెమ్ మామూలుగా కొంచెమే తాగుతుంది గానీ, పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. వోల్టేజి 3.4 వోల్టులకి తగ్గకూడదు. నేను సన్నటి వైరుతో ఫోన్ ఛార్జర్ కలిపితే సరిగ్గా పంపే టైముకే ఆగి మళ్లీ మొదలయ్యేది, నెట్‌వర్క్ పట్టడానికి ఇంకో 20 సెకన్లు. లిథియం బ్యాటరీ, పక్కన పెద్ద కెపాసిటర్ పెట్టాక ఆ గొడవ పోయింది. కరెంటు పోయిందని చెప్పే పెట్టెకు బ్యాటరీ ఎలాగూ ఉండాల్సిందే కదా.

రెండో షెడ్డులో పోయిన ఏడాది 4జీ మోడెమ్ పెట్టాను. పాతది 2జీ కాబట్టి అందులో జియో సిమ్ పనిచేయదు, ఇందులో పనిచేస్తుంది. మెసేజ్‌కి 2, 3 సెకన్లు. బాగుంది గానీ, ధరలో తేడా చూస్తే ఐదుగురికి పంపడం కోసం అంత పెట్టక్కర్లేదు.

ట్యూషన్ నడిపే మా బావ ఇది చూసి, 400 మంది తల్లిదండ్రులకు హాజరు మెసేజ్‌లు పంపుకుంటానన్నాడు. ఒక్కోదానికి 4 సెకన్లు వేసుకున్నా 26 నిమిషాలు పైనే. ప్లాన్‌లో రోజుకు 100 మెసేజ్‌లే. పైగా వ్యాపారం మెసేజ్‌లైతే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం, మెసేజ్ పంపే సంస్థల వివరాలుండే డీఎల్‌టీలో నమోదు చేసుకోవాలి, మామూలు సిమ్ నుంచి పంపకూడదు. వద్దు బావా అన్నాను.

ఇప్పుడు నా బోర్డు మొదట చేసే పని మెసేజ్ పంపడం కాదు. కరెంటు పోగానే బాబాయికి రింగ్ ఇస్తుంది, 20 సెకన్లు మోగాక మిగతావాళ్లకు మెసేజ్‌లు. చలికాలంలో దుప్పటి ముసుగు తన్నితే ఏరేటర్లు ఆగినా, మెసేజ్ టింగుమన్నా ఆయన లేవడు.