బీసీఎం పోయిందన్నారా? పాత డబ్బా మీ చేయి దాటనివ్వకండి

కారులో కరెంటు తేడా చేసిందని షెడ్డుకు తీసుకెళ్తే, స్కానర్ పెట్టిన కాసేపటికే "బీసీఎం పోయింది సార్, సెకండ్ హ్యాండ్‌ది ఉంది, సగం రేటుకే వస్తుంది" అంటారు. ఆ మాట వినబడగానే అక్కడే ఆగండి. నా దగ్గర 14,000 రూపాయలు తీసుకుని ఆ సెకండ్ హ్యాండ్ బీసీఎం డబ్బా వేశారు. అది పడ్డాక బండి అసలు స్టార్టే కాలేదు. అంతకుముందు తిక్కతిక్కగా ఉన్నా కనీసం స్టార్ట్ అయ్యేది.

బీసీఎం అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్. హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, వైపర్లు, హారన్, పవర్ విండోలు, సెంట్రల్ లాకింగ్, వీటి మీద పెత్తనమంతా దానిదే. ఇప్పటి కార్లలో స్విచ్ నొక్కగానే కరెంటు నేరుగా లైటుకు పోదు; స్విచ్ బీసీఎంకు చెప్తుంది, బీసీఎం లైటు వెలిగిస్తుంది. ఇంజిన్ కంప్యూటరుతోనూ మీటరు బోర్డుతోనూ క్యాన్ అనే రెండు వైర్ల లైను మీద మాట్లాడుకుంటుంది. చాలా మోడళ్లలో తాళంచెవిలోని చిప్‌ను గుర్తుపట్టి, తెలియని చెవైతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని ఇమ్మొబిలైజర్ కూడా ఇందులోనే ఉంటుంది. కాబట్టి ఒక బండిది ఊడదీసి ఇంకో బండికి పెట్టడం బల్బు మార్చినంత తేలిక కాదు.

నా బండికి జబ్బు వానల తర్వాత మొదలైంది. ఎవరూ వేయకుండానే వైపర్లు ఒక ఊపు ఊపి ఆగేవి. డోర్ లాకులు టకటకా పడి లేచేవి. ఇండికేటర్ వేస్తే దాంతోపాటే డాష్‌బోర్డు లైటు కూడా మసకబారేది. ఈ చివరి లక్షణం ఒక్కటి చెప్తే చాలు, తెలిసిన ఎలక్ట్రీషియన్ ముందు ఎర్త్ వైరే (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి) పట్టుకుంటాడు. షాపువాళ్లు మాత్రం స్కానర్‌లో యూ0140 అనే కోడ్ చూపించి "డెడ్" అన్నారు. బీసీఎంతో మాటలు తెగాయనే ఆ కోడ్‌కు అర్థం. ఎందుకు తెగాయో అది చెప్పదు. డబ్బా పోయి ఉండొచ్చు, ఫ్యూజు పోయి ఉండొచ్చు, ఎర్త్ తుప్పు పట్టి ఉండొచ్చు, కప్లర్ (వైర్లను డబ్బాకు తగిలించే ప్లగ్గు) పిన్నులకు పచ్చగా చిలుము పట్టి ఉండొచ్చు, బ్యాటరీ నీరసించి ఉండొచ్చు. వీటిలో ఒక్కటీ చూడలేదు. మల్టీమీటరు బయటికే తీయలేదు.

వాళ్లు వేసిన డబ్బా సైజు అదే, కప్లర్లూ అవే, చక్కగా కూర్చుంది. విండోలు దిగాయి, లైట్లు వెలిగాయి. తాళం తిప్పితే మాత్రం డాష్‌బోర్డులో తాళంచెవి బొమ్మ కొట్టుకుంటోంది, ఇంజిన్ అందుకోదు. రిమోట్ పనిచేయదు. వెనక వైపర్ కదలదు. బహుశా ఆ డబ్బా వెనక వైపర్ లేని మోడల్‌లోది. "సాఫ్ట్‌వేర్ అబ్బాయి వచ్చి కలిపేస్తాడు" అని తిప్పించుకుని తిప్పించుకుని చివరికి పిలిపించారు. ఆ కుర్రాడు ల్యాప్‌టాప్ పెట్టి చూసి, ఇది వేరే చాసిస్ నంబరుకు లాకై ఉంది, మీ పాతది ఇవ్వండి, అందులో డేటా తీసి దీంట్లోకి ఎక్కిస్తానన్నాడు. న్యాయమైన మాట. పాతది ఏదని షాపతన్ని అడిగితే, "అది ఎక్స్ఛేంజ్‌లో పోయింది సార్, అందుకే కదా మీకా రేటు పడింది" అన్నాడు.

ఎక్స్ఛేంజ్ అన్న ముక్క అప్పటిదాకా ఎవరి నోటా రాలేదు. వాళ్లు రాసిచ్చిన కాగితం మీదా లేదు. అసలు దెబ్బ ఇదే. మీ తాళంచెవుల వివరం, చాసిస్ నంబరు, ఏ ఫీచర్లు ఉన్నాయన్న సెట్టింగులు చాలా బండ్లలో ఉండేది పాత డబ్బాలోనే. అది నిజంగా పాడైనా చాలాసార్లు లోపలి డేటా చదవడానికి వీలుంటుంది. పాడవకపోతే మరీ మంచిది, దాన్నే తిరిగి పెట్టుకోవచ్చు. నాది ఇంకెవరికో "టెస్టెడ్ పీస్" అయి ఉంటుందని నా అనుమానం.

ఆటోనగర్ అంతటినీ అనడం లేదు. బండిని దారికి తెచ్చింది కూడా అక్కడి ఎలక్ట్రీషియనే, పెద్దాయన. డ్రైవర్ కాళ్ల దగ్గర ప్లాస్టిక్ ఊడదీసి కార్పెట్ ఎత్తితే అడుగున తడి. ముందు అద్దం కింద జాలీలో ఆకులు చేరి, నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోయి లోపలికి దిగాయి. ఎర్త్ బోల్టు ఎర్రగా తుప్పు. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఆ ఎర్త్‌కు పెట్టి, లైట్లు వేయమన్నాడు. ఒక వోల్టు దాటింది. బాగున్న ఎర్త్ అయితే 0.1, మహా అయితే 0.2 దగ్గర ఉండాలట. "ఏం సార్, ఇది చూడకుండానే డబ్బా మార్చేశారా?" అన్నాడు. తుప్పు గీకి, వైరు కొసకు కొత్త లగ్గు (బోల్టుకు బిగించే రేకు ముక్క) వేసి 600 తీసుకున్నాడు. కానీ పాత బీసీఎం లేదుగా! చాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ నుంచి కొత్తది తెప్పిస్తే, ప్రోగ్రామింగ్‌తో కలిపి 32,000 అయింది.

కొత్తది వేయించేవాళ్లు తాళంచెవులన్నీ వెంట తీసుకెళ్లండి. చాలా బండ్లలో రిజిస్టర్ చేసేటప్పుడు ఎదురుగా లేని చెవి ఆ తర్వాత పనికిరాదు. ప్రోగ్రామింగ్ జరిగినంతసేపూ బ్యాటరీకి బయటి నుంచి స్థిరంగా సప్లై ఉండాలి, మధ్యలో వోల్టేజీ పడిపోతే కొత్త డబ్బా కూడా చచ్చిపోవచ్చు. అసలు అంతదాకా పోకముందే ఇంకో చిన్న పరీక్ష అడగండి: బ్యాటరీ వైరు తీసేసి, స్కానర్ పెట్టే సాకెట్లో 6, 14 పిన్నుల మధ్య మల్టీమీటరుతో ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడమనండి. చాలా కార్లలో క్యాన్ లైను ఈ రెండు పిన్నులకే వస్తుంది. రెండు చివర్లా 120 ఓమ్స్ ఉంటాయి కాబట్టి బాగున్న లైను 60 దగ్గర చూపిస్తుంది. 120 చూపిస్తే లైను ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరైతే షార్ట్.

తప్పక సెకండ్ హ్యాండే కొనాల్సి వస్తే పార్ట్ నంబరు చివరి అక్షరం దాకా సరిచూడండి, కప్లర్ పిన్నుల మీద టార్చి వేసి చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్ని కార్లు మునిగాయో అందరం చూశాం. ఆ పార్టులన్నీ తుక్కులోకే పోయాయంటే నేను నమ్మను. పిన్నుల మూలల్లో బురద, తెల్లపొడి, పచ్చ చిలుము కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి.

"ఎలక్ట్రికల్ ఐటెమ్, రిటర్న్ లేదు" అని నన్ను వెనక్కి పంపారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనన్నా అదే కిందికి వస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, నోటీసు పంపాను, జవాబు రాలేదు. ఇక జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తున్నాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోపు వేస్తే చాలు. స్కానర్ ఫొటో, వాట్సాప్ మెసేజ్‌లు, డబ్బు పంపిన రసీదు, పెద్దాయన రాసిచ్చిన కాగితం నా దగ్గర ఉన్నాయి. వాళ్లు అమ్మిన డబ్బా కూడా నా దగ్గరే ఉంది, విప్పకుండా అలాగే ఉంచాను.