వాగు పక్కన గది కావాలా?

హనుమకొండ నుంచి ములుగు, తాడ్వాయి మీదుగా బొగత జలపాతం దాకా వానాకాలం చివర్లో వెళ్లొచ్చాం. రామప్ప గుడి గురించి కొత్తగా చెప్పేదేముంది, తీరిగ్గా చూడండి. లక్నవరం వేలాడే వంతెన మీద ఆదివారం నిలబడే చోటు కూడా దొరకదు, మామూలు రోజుల్లో వెళ్లడమే మేలు.

అసలు తంటా బస దగ్గరే వచ్చింది. అడవి దారిలో, వాగు ఒడ్డునే ఉన్న ఒక బస చూశాం. గదులు శుభ్రం, అద్దె అందుబాటులోనే. గోడలకు కొత్త రంగు, అదీ కిటికీ ఎత్తు వరకే! వెంట ఉన్న మా బావమరిది ఇళ్లు కట్టించేవాడు. నేరుగా వెనక్కి వెళ్లి వసారా మూల కింద చెయ్యి పెడితే మోచేతి దాకా లోపలికి పోయింది. పునాది కింద మట్టి లేదు. "వరద ఎంతదాకా వచ్చిందన్నా?" అని అడిగితే, "మెట్ల దాకానే సార్" అన్నాడు యజమాని. కిటికీ చువ్వల్లో ఎండుగడ్డి ఇంకా చిక్కుకునే ఉంది.

ఆ ఇల్లు కట్టింది వాగు మలుపులో, వెలుపలి ఒడ్డున. ఉరవడంతా అటే తగులుతుంది. గోడ చెక్కుచెదరకపోయినా అడుగున మట్టి కోసుకుపోతుంది. పైగా గుట్టల మీద పడ్డ వాన గంటల్లోనే వాగుల్లోకి దిగుతుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. జంపన్న వాగు పొంగి కొండాయిలో ప్రాణాలు తీసింది. పక్క జిల్లాలో మోరంచపల్లి మునిగితే జనాన్ని కాపాడటానికి హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఇదంతా తెలిసీ అక్కడ పడుకోవడం నావల్ల కాలేదు.

చివరికి రోడ్డు పక్కన, మిట్ట మీదున్న చిన్న లాడ్జిలో దిగాం. ఫ్యాను గోల చేసింది, వేడినీళ్లు బకెట్లో తెచ్చిచ్చారు, కిటికీలోంచి చూస్తే లారీలే. అయినా రాత్రి వాన మొదలైతే ఎవరమూ లేచి కూర్చోలేదు. ఎదురుగా మెస్సులో చేపల పులుసు మాత్రం ఘనంగా ఉంది.

బొగతలో నీటి ఉధృతి ఎక్కువైతే సందర్శకులను ఆపేస్తారు, బయలుదేరే ముందే కనుక్కోండి. తిరుగు ప్రయాణంలో చీకటి పడకముందే ఏటూరునాగారం దాటితే నయం, ఆ తర్వాత చాలా దూరం అడవే.