కాన్వెంటులో పండగలు: ఇద్దరు పిల్లల్ని చదివించిన తల్లి సమీక్ష

మా ఇద్దరు పిల్లలూ ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా చిత్తూరులో ఒకే కాథలిక్ హైస్కూల్లో చదివారు. పాప చదువు ముందే అయిపోయింది, చిన్నోడు కూడా పది రాసి బయటికొచ్చాడు. ఇప్పుడు ఆ బడికి నేను కట్టాల్సిన ఫీజూ లేదు, అక్కడ తలవంచుకుని నిలబడాల్సిన పనీ లేదు. కాబట్టి మంచీ చెడూ రెండూ మొహమాటం లేకుండా రాయగలను.

మార్కుల సంగతి రాయను. రిజల్ట్స్ వచ్చిన రోజు ఊరి నిండా ఫ్లెక్సీలు కడతారు, అవి చూసుకుంటే సరిపోతుంది. నేను రాసేది అక్కడి పండగల గురించి, పిల్లలు ఒకరితో ఒకరు మెలిగే తీరు గురించి. గ్రీమ్స్‌పేటలో నాకు చిన్న కుట్టు అంగడి ఉంది. యూనిఫాం కొలతలివ్వడానికి వచ్చే తల్లులు "అక్కా, ఆ కాన్వెంటు ఎట్లుంటుంది?" అని అడుగుతూనే ఉంటారు. ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఒకసారి రాస్తే మేలనిపించింది. బడి పేరు మాత్రం రాయను. మెచ్చుకోళ్ళతో పాటు తిట్లు కూడా ఉన్నాయి మరి.

ముందుగా, అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న. మతం మారుస్తారా అని. మేం హిందువులం, ఇన్నేళ్ళలో ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. రాజ్యాంగంలో 28వ అధికరణం మూడో క్లాజు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో ఎవరినీ అంగీకారం లేకుండా మతబోధనకు కూర్చోబెట్టకూడదు, మైనరైతే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి అని. మా బడిలో కాథలిక్ పిల్లలు సత్యోపదేశం (వాళ్ళ మతబోధన) క్లాసుకు పోయే పీరియడ్‌లో మిగతావాళ్ళకు మోరల్ సైన్స్ ఉండేది. పొద్దున అసెంబ్లీలో పరలోక జపం అందరూ చెబుతారు, సిలువ గుర్తు మాత్రం కాథలిక్ పిల్లలే వేసుకుంటారు. మా పాపకు ఆ జపం కంఠతా వచ్చు, విష్ణు సహస్రనామం సగమే వచ్చు. అందుకు వాళ్ళ జేజి బాధపడుతుంది, నేను పడను.

ఇబ్బంది వేరే దగ్గర వచ్చింది. తలలో పూలు పెట్టుకోనివ్వరు. శుక్రవారమైనా, పుట్టినరోజైనా రిబ్బనే. మన వైపు ఆడపిల్లకు కనకాంబరాలు పెట్టకుండా పంపాలంటే పెద్దవాళ్ళకు మనసొప్పదు. నేను రెండుసార్లు అడిగి వదిలేశాను. చిన్నోడు ఎనిమిదిలో అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు మాత్రం ఫాదర్ ఒక లెటర్ రాసిమ్మని, నల్లచొక్కాతో, చెప్పుల్లేకుండా రానిచ్చారు. క్లాసులో ఒక టీచర్ ఎత్తిపొడుపు మాటన్నదట. ఆమె హిందువే. అలాంటివీ ఉంటాయి.

ఇక క్రిస్మస్. ఈ బడిలో చూడాల్సిన పండగ ఇదే, కాస్త వివరంగా చెబుతాను.

మనకు క్రిస్మస్ అంటే డిసెంబరు 25. కాథలిక్కులకు దానికి ముందే నాలుగు ఆదివారాల ఆగమన కాలం ఉంటుంది. ఆఫీసు వరండాలో పచ్చటి కొమ్మలు చుట్టిన వలయంలో నాలుగు కొవ్వొత్తులు పెడతారు, మూడు ఊదారంగువి, ఒకటి గులాబీ రంగుది. వారానికొకటి వెలిగిస్తూ పోతారు. పక్కనే యేసు పుట్టిన పశువుల పాక బొమ్మ. అసిసి ఫ్రాన్సిస్ అనే పునీతుడు 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్ళో ఈ పాక పెట్టాడని ఫాదర్ ప్రతి ఏడూ చెబుతారు. 2023లో ఎనిమిది వందల ఏళ్ళు నిండాయని నిజం దూడనే పట్టుకొచ్చి కట్టేశారు, అది అసెంబ్లీ మధ్యలో అరిచి జనగణమన ఆపినంత పని చేసింది.

పాకలో మరియమ్మ, జోజప్ప (యోసేపు), గొర్రెలు, ఒంటెలు అన్నీ ఉంటాయి. తొట్టి మాత్రం ఖాళీ. బాలయేసును 24వ తేదీ రాత్రి గానీ పెట్టరు. ఆ తొట్టి దగ్గర ఒక గంపలో వరిగడ్డి పెట్టి ఉంచుతారు. ఆ రోజు ఎవరికైనా ఏదైనా సాయం చేసిన పిల్లలు ఇంటికి పోయేముందు ఒక్క గడ్డిపోచ తీసి తొట్టిలో వేయాలి. ఏం చేశావని అడిగేవాళ్ళుండరు, రాసుకునేవాళ్ళుండరు, స్టార్లూ మార్కులూ ఉండవు. మా చిన్నోడు మూడో తరగతిలో మొదటి రోజే పిడికిలి నిండా వేసొచ్చాడు. "ఒకేరోజు ఇన్ని మంచి పనులా నాయనా!" అని సిస్టర్ నవ్విందంట. వీడికి రోషమొచ్చి మర్నాటి నుంచి పై ఇంటి అవ్వకు నీళ్ళ క్యాన్లు మోశాడు. జనవరి రాగానే మానేశాడులెండి. అయినా ఏడో తరగతి పిల్లలు కూడా సిగ్గుపడకుండా వంగి గడ్డిపోచ వేయడం నేను గేటు దగ్గర నిలబడి చూశాను.

ఇంకొకటి, పండగ పని అందరికీ పంచుతారు. స్టేజీ ఎక్కేది ఎప్పుడూ బాగా ఆడేవాళ్ళే, బాగా మాట్లాడేవాళ్ళే. అది ఏ బడిలోనైనా అంతే. ఇక్కడ తేడా ఏమిటంటే మిగిలినవాళ్ళు ఊరికే చప్పట్లు కొట్టే జనంగా ఉండిపోరు. తొమ్మిదో తరగతికి సీరియల్ లైట్లు, ఎనిమిదికి కుర్చీలు, ఏడుకు తాగేనీళ్ళు, ఆరుకు అయిపోయాక చెత్త ఎత్తడం. చదువులో వెనకబడిన పిల్లాడు వైరింగ్‌లో ముందుంటాడు, అప్పుడు ఫస్ట్ ర్యాంకు వాడు వాడి చేతికి టేపు అందించాల్సిందే. మా చిన్నోడు మార్కుల్లో ఎప్పుడూ మధ్యలోనే. మైకు సెట్టు దగ్గర మాత్రం సిస్టర్లు కూడా వాడినే పిలిచేవాళ్ళు. ఆ బడి వాడికిచ్చింది ఏమైనా ఉందంటే అది. బడిలో ముక్కాలు భాగం పిల్లలు హిందువులు, ముస్లింలు. వెదురు బద్దలు చీల్చి పెద్ద నక్షత్రం కట్టే పని ఏటా ఎవరో ఒక సాయిబుల పిల్లాడు తీసుకునేవాడు, అది వాళ్ళలో అన్న నుంచి తమ్ముడికి వచ్చే హక్కు లాగా అయిపోయింది.

సెప్టెంబరు 8 మరియమాత పుట్టినరోజు. చిత్తూరు కాథలిక్ గుడులు కడప మేత్రాసనం (బిషప్ పరిధి) కిందికి వస్తాయి గానీ, ఇక్కడివాళ్ళ భక్తి తమిళనాడులోని వేలాంకణ్ణి ఆరోగ్యమాత వైపే లాగుతుంది. ఆగస్టు 29న అక్కడ జెండా ఎక్కిందంటే ఇక్కడ నవదిన ప్రార్థనలు మొదలు. తమిళం మాట్లాడే కుటుంబాలు ఎక్కువ కదా, పాటలు సగం తెలుగులో, సగం తమిళంలో. కొందరు టీచర్లు కాషాయం కట్టి నడిచిపోతారు, అయ్యప్ప స్వాములను చూసిన కళ్ళకు అది కొత్తగా ఏమీ ఉండదు.

2024లో వినాయక చవితి సెప్టెంబరు 7, శనివారం. మర్నాడే ఈ పండగ, ఆదివారం. కాణిపాకంలో ఇరవై ఒక్క రోజుల బ్రహ్మోత్సవాలు అప్పుడే మొదలయ్యాయి, ఊరంతా ట్రాఫిక్కు. బడిలో సోమవారం సహపంక్తి భోజనాలు పెట్టుకున్నారు. ఇంట్లో మిగిలిన ఉండ్రాళ్ళు, చిత్రాన్నం, కేకు, ఎవరింట్లోదో బిరియానీ, అన్నీ ఒకే వరసలో. ఇక్కడ ఒక పద్ధతుంది, నాకు చాలా నచ్చింది. ఆ రోజు స్నేహితుల పక్కన కూర్చోకూడదు, రోల్ నంబరు ప్రకారం కూర్చోవాలి. బాక్సు మూత తీసి కుడి పక్కకు జరుపుతారు, ఎవరి బాక్సు ఎవరి ముందుకొస్తే అది తినాలి. మాంసం తినని పిల్లలది వేరే వరస. మా పాప ఒకసారి ఉత్త పెరుగన్నం, ఊరగాయ తిని వచ్చింది. నేను పొద్దున్నే లేచి చేసిన కొబ్బరన్నం కుడి పక్కనున్న పిల్ల తిన్నదట. ముందు నాకు మనసు చివుక్కుమంది గానీ, ఆ పిల్ల వాళ్ళమ్మ తర్వాత అంగడికొచ్చి కొబ్బరన్నం ఎట్ల చేస్తారని అడిగి పోయింది. ఇప్పటికీ జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది.

టీచర్స్ డే, జెండా పండగల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. రాధాకృష్ణన్ పుట్టిన తిరుత్తణి 1960 దాకా మన జిల్లాలోనే ఉండేదని, ఆయన తిరుపతిలో లూథరన్ మిషన్ హైస్కూల్లో చదివారని ప్రతి సెప్టెంబరు 5న ఒకరు చెబుతారు. టాగూరు 1919లో మదనపల్లెలో కూర్చుని జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారని జనవరి 26న ఇంకొకరు చెబుతారు. సంగతులు నిజమే, ఉపన్యాసమే మారదు. ఆగస్టు 15 మాత్రం వేరు. అదే రోజు మరియమాత మోక్షారోపణ (పరలోకానికి చేరిన) పండగ కూడా కావడంతో కాథలిక్ కుటుంబాలు పొద్దున్నే పూజ చూసుకుని అట్నుంచి అటే జెండా దగ్గరికి వస్తాయి. అందరూ కొత్త బట్టల్లో ఉంటారు.

తపస్సు కాలంలో పిడికెడు బియ్యం అని ఒకటుంది. ఈస్టరుకు ముందు నలభై రోజులు, వారానికోసారి ఇంట్లో అన్నానికి తీసే బియ్యంలోంచి పిల్లలు ఒక పిడికెడు తెస్తారు. కొని తేకూడదు, ఇంటి డబ్బాలోంచే తేవాలి. ఆ బియ్యం ఒక వృద్ధాశ్రమానికి పోతుంది, పెద్ద క్లాసుల పిల్లలు వంతులవారీగా పోయి అక్కడ వడ్డిస్తారు, అవ్వల గోళ్ళు కత్తిరిస్తారు. పాప అక్కడి నుంచి వచ్చిన సాయంత్రం ఎవరూ చెప్పకుండానే నెయిల్ కట్టర్ తీసుకుని వాళ్ళ జేజి కాళ్ళ దగ్గర కూర్చుంది. జేజి విష్ణు సహస్రనామం గొడవ ఆ వారమంతా ఎత్తలేదు.

ఇప్పుడు తిట్లు. మొదటిది వార్షికోత్సవం డ్రెస్సులు. ఇది నా వృత్తికి సంబంధించింది కాబట్టి కోపం ఎక్కువే. నాలుగు నిమిషాల డాన్సుకు ఒక్కో పిల్లకు 400 రూపాయల అద్దె, బడి చెప్పిన అంగడిలోనే తీసుకోవాలి. వచ్చేది ఉతకని శాటిన్ గుడ్డ, లైనింగ్ ఉండదు, జరీ లేసు చంకలో గీరుకుంటుంది. కొలత ఒకటే, సన్నపిల్లకు వీపు వెనక పిన్నీసులు, బొద్దుపిల్లకు హుక్కులు పట్టవు. ఆ రాత్రి ఎంతమంది పిల్లలకు ఒళ్ళంతా దద్దుర్లు వచ్చాయో అంగడికొచ్చే తల్లులను అడిగితే తెలుస్తుంది. అదే డబ్బుకు నూలు గుడ్డతో కుట్టిస్తాను, పై ఏడు తమ్ముడికో చెల్లెలికో పనికొస్తుంది అని ఆఫీసులో అడిగాను. "అందరికీ ఒకే తీరుగా ఉండాలమ్మా" అన్నారు. ఒకే తీరుగా ఉండడం అంటే ఏమిటో చూశాను. ఆటో తోలే ఒకాయన కూతురు నెలంతా ప్రాక్టీసు చేసి, చివరి వారం జ్వరమని డాన్సు నుంచి తప్పుకుంది. జ్వరం లేదు, 400 లేవు. పెరుగన్నం బాక్సు పక్కవాడికి జరిపించే బడికి ఈ సంగతి ఎందుకు పట్టదో నాకు అర్థం కాదు.

చేయలేక కాదు. 2021 నవంబరు వానలకు నీవా నది పొంగి పల్లపు వీధుల్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఆ ఏటి వార్షికోత్సవం రద్దు చేసి, ఆ డబ్బుతో దుప్పట్లు పంచారు. తర్వాత యూనిఫాం మీదే నడుముకు ఒక రంగు చున్నీ కట్టించి చిన్న ప్రోగ్రాం పెట్టారు. నేను చూసినవాటిలో అదే బాగుంది. పిల్లల మొహాలు కనబడ్డాయి. మరుసటి ఏడు మళ్ళీ శాటిన్ వచ్చింది.

రెండోది పదో తరగతి. దసరా సెలవులు అయిపోయాయంటే పదోళ్ళకు పండగ లేదు. పొద్దున స్టడీ, సాయంత్రం స్టడీ, మధ్యలో స్లిప్ టెస్టులు. క్రిస్మస్ రోజు కింద పాటలు వినబడుతుంటే వీళ్ళు పై అంతస్తులో ఫిజిక్స్ బట్టీ కొడుతుంటారు. ఇన్నాళ్ళూ లైట్లు కట్టినవాళ్ళు, కుర్చీలు మోసినవాళ్ళు వీళ్ళే కదా. పాప ఆ ఏడు టెన్షన్‌తో సరిగ్గా తినలేదు. పేరెంట్స్ మీటింగులో అడిగితే తోటి తల్లిదండ్రులే నన్ను కూర్చోమన్నారు, కాబట్టి తప్పంతా బడి మీదే వేయలేను. చిన్నోడి వంతు వచ్చేసరికి గడ్డిపోచ వేసి పోవడానికి మాత్రం కిందికి వదిలారు.

మూడోది చిన్నదే గానీ రోజూ గుచ్చుకుంటుంది. సర్క్యులర్లన్నీ ఇంగ్లీషులోనే. పండగకు ఏం తేవాలో, ఎన్నింటికి రావాలో తెలియక ఫోను పట్టుకుని నా అంగడికొచ్చి చదివించుకునే తల్లులున్నారు. సిస్టర్లలో సగం మంది మలయాళీలైనా మనతో తెలుగే మాట్లాడతారు, కాగితం మీద మాత్రం తెలుగు రాదు.

మొత్తంగా ఐదుకు నాలుగు ఇస్తాను. మా చెల్లెలు కూతుర్ని చేర్చమంటావా అని అడిగితే చేర్చమనే చెప్పాను. విద్యాహక్కు చట్టం కింద ఉచిత సీటు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పిచ్చింది. అడ్మిషన్ రోజున ట్యూషన్ ఫీజు ఒక్కటే అడిగి వచ్చేయొద్దు. డ్రెస్సుల అద్దె, ఫోటోల డబ్బు, పిక్నిక్కు, ఏడాదికి మొత్తం ఎంతవుతుందో అడగండి. డ్రెస్సు ఇంట్లో కుట్టించుకోవచ్చా అని కూడా అడగండి. సరేనంటే ఆ మాట డైరీలో రాయించుకుని సంతకం పెట్టించుకోండి.