బస్ షెల్టర్: ఏసీ షెల్టరా, ముందుకు చాచిన కప్పా, చెట్టు కింద బెంచీనా?

వీధికి అడ్డం తక్కువగా, నిలబడ్డ మనిషికి నీడ ఎక్కువగా ఉండాలి. బస్ షెల్టర్ విషయంలో నేను చూసేది ఇదొక్కటే. హైదరాబాద్‌కి ఏది నప్పుతుంది?

జీహెచ్ఎంసీ 2018లో ఏసీ షెల్టర్లు పెట్టింది. నలభై డిగ్రీల ఎండలో బస్సు ప్రయాణికులకూ చల్లదనం దక్కాలన్న ఆలోచన నాకు నచ్చింది. కానీ మన స్టాపుల్లో ఒకేచోట ఎన్నో రూట్ల బస్సులు ఆగుతాయి. నంబర్ బోర్డు చూడాలంటే తలుపు తీసుకుని బయటికి రావాల్సిందే. పైగా కరెంటు, రిపేర్లు. బస్సు కోసం చాలాసేపు ఆగాల్సిన చోట్ల తప్ప నేను దీన్ని ఎంచుకోను.

నా ఓటు రెండోదానికి: వెనక రెండు స్తంభాలు, ముందుకు చాచిన కప్పు, అంతే. ముందు స్తంభాలు లేకపోతే జనం ఎక్కడి నుంచైనా బస్సు దగ్గరికి పోగలరు, వీల్‌చెయిర్‌కీ దారి దొరుకుతుంది. అయితే మినిమలిస్ట్ (వీలైనంత తక్కువతో కట్టే పద్ధతి) అన్నారని కప్పే తగ్గించేస్తే కుదరదు. ఆస్ట్రియాలోని క్రూంబాఖ్ గ్రామంలో 2014లో జపాన్ ఆర్కిటెక్ట్ సో ఫుజిమోటో సన్నని ఇనుప కడ్డీలతో కట్టిన బస్ స్టాప్‌కి కప్పే లేదు. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. జులై వానలో మనకి పనికిరాదు.

ఆ కప్పు గాజుదో పాలికార్బొనేట్ అనే ప్లాస్టిక్‌దో అయితే ఇంకో తంటా. మే నెల మిట్టమధ్యాహ్నం ఇక్కడ సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, వేడంతా కిందికి దిగుతుంది. ఒంటి రేకు కూడా కాలి సెగ కొడుతుంది. రెండు రేకుల మధ్య గాలి ఆడేలా ఖాళీ వదిలితే మేలు. కూర్చునే పలక స్టీలుది వద్దు.

ప్రకటన బోర్డు ఎక్కడ పెడతారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. మనం ఎడమవైపు నడిపే దేశం కాబట్టి, రోడ్డు వైపు తిరిగి నిలబడితే బస్సు కుడివైపు నుంచి వస్తుంది. కుడిపక్క బోర్డు కట్టేస్తే వచ్చే బస్సు కనపడదు, జనం రోడ్డు మీదకి దిగుతారు. ప్రకటనల డబ్బుతో షెల్టర్ కట్టడం తప్పేం కాదు. జేసీ డెకో అనే ప్రకటనల కంపెనీ 1964లోనే ఫ్రాన్స్‌లోని లియోన్‌లో అలా మొదలుపెట్టింది. బోర్డు మాత్రం ఎడమపక్కే ఉండాలి. వెనక వైపు చిల్లుల రేకు వేస్తే గాలి ఆడుతుంది, రాత్రిపూట ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు బయటివాళ్లకి కనపడతారు, అదే వాళ్లకి భద్రత.

నడిచేవాళ్లకి కనీసం 1.8 మీటర్లు వదలాలని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంత ఫుట్‌పాత్ లేనిచోట కానుగ చెట్టు, బెంచీ చాలు. వాన ఆపలేకపోయినా, పడమటి ఎండ కప్పు కిందికి ఏటవాలుగా దూరే వేళకి చెట్టే కాపాడుతుంది. అందుకే పడమర ముఖం ఉన్న స్టాపుల్లో రెండూ కావాలి. కప్పు ఎప్పుడు వేసినా సరే, మొక్క మాత్రం వచ్చే వానలకే నాటాలి.